కొత్త జట్టులో చేరాలంటే పాత స్నేహం వదులుకోవాలా?

బడులు తెరిచి ఒకటి రెండు నెలలు గడిచాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో చాలా భాగం కొత్త బడి, కొత్త సెక్షన్, కొత్త హాస్టల్ గురించే ఉంటాయి. ఈసారి వచ్చినవాటిలో కొన్ని ఒకే సినిమాను ప్రస్తావించాయి. అది 2024లో వచ్చిన ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ అనే యానిమేషన్ చిత్రం. కింది జవాబులలో దాని ప్రస్తావన తరచూ వస్తుంది కనుక, చూడనివారి కోసం ముందుగా కథ చెబుతాను.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే రైలీకి 13 ఏళ్లు నిండాయి. బ్రీ, గ్రేస్ ఆమెకు ప్రాణ స్నేహితురాళ్లు. ముగ్గురూ ఒకే జట్టులో ఐస్ హాకీ ఆడతారు. మూడు రోజుల హాకీ శిబిరానికి బయలుదేరిన దారిలో, హైస్కూలుకు వచ్చేసరికి తనదొక బడి, వాళ్లిద్దరిదీ ఇంకొక బడి అని రైలీకి తెలుస్తుంది. తాను చేరబోయే బడి జట్టుకు కెప్టెన్ అయిన వాల్ అనే అమ్మాయి అదే శిబిరంలో ఉంటుంది. ఆమె మెప్పు పొందితే హైస్కూల్లో ఒంటరిగా మిగలనన్న ఆశతో రైలీ పాత స్నేహితురాళ్లను పక్కన పెట్టేస్తుంది. ఇదంతా మనం ఆమె తలలోపలి నుంచి చూస్తాము. అక్కడ ఆనందం, విచారం, కోపం, భయం, ఏవగింపు అనే ఐదు భావాలు మనుషుల రూపంలో తిరుగుతుంటాయి. యవ్వనం మొదలవగానే ఆందోళన, అసూయ, సిగ్గు, నిరాసక్తత వచ్చి చేరతాయి. వాటిలో ఆందోళన పాత భావాలను వెళ్లగొట్టి పెత్తనమంతా తన చేతిలోకి తీసుకుంటుంది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి వరకు మా ఊరి బడిలోనే చదివింది. ఎనిమిదో తరగతికి ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో చేర్పించాము. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన పక్కింటి పిల్ల పలకరిస్తే ఇప్పుడు తల తిప్పుకుని లోపలికి వెళ్లిపోతోంది. కొత్త బడిలో బాగా పేరున్న నలుగురు అమ్మాయిల వెంటే తిరుగుతోంది. మొన్న వాళ్ల నాన్న బడి గేటు దగ్గర ‘యాడికి పోతాండావు పాపా’ అని పిలిస్తే, ఇంటికొచ్చి, అందరి ముందూ అట్లా మాట్లాడొద్దని చెప్పింది. ఆయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. సెలవుల్లో చూసిన సినిమాలో పిల్ల కూడా ఇట్లాగే చేసిందని మా మరిది కూతురు చెబుతోంది. ఇది సినిమా నేర్పిన బుద్ధేనా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు మండలం

జవాబు: కాదమ్మా. సినిమా ఈ నడవడికను మెచ్చుకోలేదు, దానివల్ల ఎంత నష్టం జరుగుతుందో చూపించింది. మీ అమ్మాయి ఆ సినిమా చూడకపోయినా ఈ వయసులో, ఈ మార్పులో, ఇదే దారిలో నడిచి ఉండేదని నా అభిప్రాయం.

అందులో ఒక సన్నివేశాన్ని మీరు కూడా చూడాలి. వాల్, ఆమె తోటివాళ్లు పాటల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. రైలీకి, బ్రీకి, గ్రేస్‌కు ఒక సంగీత బృందమంటే ప్రాణం. పెద్ద అమ్మాయిలకు అది నచ్చదని పసిగట్టిన క్షణంలోనే రైలీ గొంతు మారిపోతుంది. ఆ బృందాన్ని ఎగతాళి చేస్తూ, అదంటే తనకు ఏనాడూ ఇష్టం లేనట్టు మాట్లాడుతుంది. స్నేహితురాళ్లిద్దరూ ఆ పక్కనే ఉండి ఆ మాటలు వింటారు. అలా మాట్లాడమని రైలీని ఎవరూ బలవంతపెట్టలేదు. వాల్ చెడ్డపిల్ల కూడా కాదు, రైలీతో మొదటి నుంచీ ఆదరంగానే ఉంటుంది. ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా నిజమనిపించిన సంగతి ఇదే. పేరున్న పిల్లలు క్రూరులై ఉండనక్కరలేదు. వాళ్లు ఏమీ అడగకుండానే, వాళ్లకు ఏది నచ్చదో ముందే ఊహించుకుని, ఈ వయసు పిల్లలు తమలో ఒక్కొక్క ముక్కనూ తామే కోసి పారేసుకుంటారు.

మీ ఇంట్లో జరుగుతున్నది కూడా ఇదేననిపిస్తోంది. పట్నపు బడిలో నవ్వులపాలవుతానేమోనన్న భయంతో మీ అమ్మాయి పల్లెటూరి అమ్మాయిగా తనను పట్టిచ్చేవాటినన్నిటినీ దాచిపెడుతోంది. నాన్న మాట తీరు వాటిలో ఒకటి, పక్కింటి పిల్ల మరొకటి. ఆ పిల్ల మీద ద్వేషం పుట్టి తల తిప్పుకోవడం లేదు. తన పాత రూపం మొత్తం ఆ పిల్లకు తెలుసు కనుక ఎదురుపడలేకపోతోంది. ఈ తేడా గమనిస్తే మీరు ఆమెను ‘పొగరెక్కింది’ అని తిట్టరు. ఆ తిట్టు వినబడితే ఇంకా గట్టిగా దాచుకోవడమే నేర్చుకుంటుంది.

పిల్లల్లో ‘పేరు’ అన్నదాన్ని పరిశోధకులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. 1998లో పార్క్‌హర్స్ట్, హాప్‌మేయర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఎంతో ఉపయోగపడింది. తరగతి పిల్లలను ‘నీకు ఎవరంటే ఇష్టం’ అని అడిగితే ఒక జాబితా వస్తుంది. ‘బడిలో బాగా పేరున్నవాళ్లు ఎవరు’ అని అడిగితే మరొక జాబితా వస్తుంది. రెండింటిలోనూ ఉన్న పిల్లలు కొందరే. రెండో జాబితాలో పేరు ఎక్కడానికి బట్టలు, ఫోను, ఆట, మార్కులు, ఒక్కోసారి ఎదుటివాళ్లలో పుట్టించే భయం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మొదటి జాబితాకు కావలసినవి వేరు: పంచుకోవడం, ఎదుటివాళ్లు చెప్పేది వినడం, చెప్పిన రహస్యం దాచడం. మీ అమ్మాయి రెండో జాబితా కోసం పరుగెడుతూ, మొదటి జాబితాలో తనకు ఇప్పటికే ఉన్న చోటును పోగొట్టుకుంటోంది.

కొత్త అమ్మాయిలతో తిరగవద్దని ఆంక్ష పెట్టకండి. వాళ్లలో మంచి స్నేహితురాలు దొరకవచ్చు. పక్కింటి పిల్లను ఎత్తి చూపి ‘ఆ పిల్లను చూసి నేర్చుకో’ అని అనకండి. ఆ మాటతో మిగిలిన స్నేహం కూడా తెగిపోతుంది. మీ రెండు ఇళ్ల మధ్య రాకపోకలు మాత్రం ఎప్పటిలాగే సాగనివ్వండి. ఉగాది రోజు ఓళిగలు ఇచ్చి రమ్మని పంపడం, ఉల్లిపాయలో చింతపండో తెమ్మనడం వంటి చిన్న పనులలో పిల్లలిద్దరూ ఎదురుపడితే, పెద్దలు కూర్చోబెట్టి కలపాలని చూసినప్పటికన్నా తేలికగా మాట కలుస్తుంది. వీలు చూసుకుని, కోపం లేకుండా, ‘నీకు నాలుగు రోజులు జ్వరం వచ్చి బడికి పోకపోతే నోట్సు ఎవరు తెచ్చిస్తారమ్మా’ అని అడిగి ఊరుకోండి. జవాబు చెప్పమని ఒత్తిడి చేయవద్దు.

ఇక వాళ్ల నాన్నగారి సంగతి. ఆయన తన మాట తీరు మార్చుకోవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు. అన్నమయ్య పదాలలో వినిపించే పలుకుబడిలో ఈ సీమ పలుకుబడి కూడా ఉందని మీ అమ్మాయికి ఒకనాడు తెలుస్తుంది. ఈలోగా ఆయన చిన్నబుచ్చుకున్న సంగతి ఆమెకు తెలియాలి. దాన్ని మీరు కాక ఆయనే, మందలింపుగా కాక, ‘నువ్వట్లా అంటే నాకు కష్టమనిపించింది పాపా’ అని ఒక్క మాటగా చెబితే చాలు.

ప్రశ్న: అక్కా, నేను అనంతపురంలో పదో తరగతి చదువుతున్నాను. తొమ్మిదిలో మంచి మార్కులు వచ్చాయని నన్ను వేరే సెక్షన్‌కు మార్చారు. అక్కడి అమ్మాయిలు నా పాత స్నేహితురాలి సైకిలును, బ్యాగును చూసి నవ్వితే నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. అది తను చూసింది. అప్పటి నుంచి మాకు మాటల్లేవు. ఈమధ్య పరీక్షలో నాకు మార్కులు తగ్గితే కొత్తవాళ్లు నన్ను పక్కన కూర్చోనివ్వడం మానేశారు. సినిమాలో రైలీ ఏడ్చినప్పుడు నేనూ ఏడ్చాను. తనతో మాట్లాడాలని ఉంది కానీ ముఖం చెల్లడం లేదు. రెండుసార్లు పరీక్ష మధ్యలో గుండె దడదడలాడి, ఊపిరి అందలేదు. అది దేనికి?
– పదో తరగతి విద్యార్థిని, అనంతపురం

జవాబు: ముందు నీ చివరి ప్రశ్న తీసుకుంటానమ్మా. ఆటలో స్నేహితురాలు గ్రేస్‌ను ఢీకొని, రెండు నిమిషాల శిక్షతో పెనాల్టీ బాక్స్‌లో కూర్చున్న రైలీకి జరిగింది కూడా నువ్వు రాసినట్టే ఉంటుంది. గుండె దడ, ఊపిరి అందకపోవడం, చుట్టూ ఉన్నదంతా దూరమైపోయినట్టు అనిపించడం. దీన్ని పానిక్ అటాక్ అంటారు. ఆ సమయంలో ప్రాణం పోతున్నంత భయం వేస్తుంది కానీ, అది కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. మళ్లీ వస్తే పాదాలు రెండూ నేలకు ఆనించు. చేత్తో బెంచీ చెక్కను తడిమి చూడు. కంటికి కనబడే వస్తువుల పేర్లు ఒక్కొక్కటిగా మనసులో చెప్పుకో. ఊపిరి మెల్లగా వదులు. సినిమాలోనూ రైలీ తన చుట్టూ ఉన్న వస్తువుల స్పర్శతోనే తేరుకుంటుంది. ఇది రెండుసార్లు వచ్చిందన్నావు కనుక అమ్మకు చెప్పి ఒకసారి డాక్టరుకు చూపించుకో. గుండె దడకు రక్తహీనత, థైరాయిడ్ వంటి ఇతర కారణాలు కూడా ఉంటాయి. ఇంట్లో చెప్పడం కష్టమైతే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యి. అక్కడ తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టనక్కరలేదు.

ఇప్పుడు నీ స్నేహితురాలి సంగతి. వాట్సాప్ స్టేటస్‌లో పాట పెట్టడం, ఇంకొకరితో కబురు పంపడం వద్దు. బడి వదిలాక నలుగురూ లేనిచోట, తను సైకిలు తీసుకునే దగ్గరో దారిలోనో ఎదురుపడి నువ్వే మాట్లాడు. ‘ఏదైనా తప్పు చేసుంటే క్షమించు’ అనకు. ఏం చేశావో నీకూ తెలుసు, తనకూ తెలుసు. ‘ఆ రోజు వాళ్లు నీ సైకిలును చూసి నవ్వితే నేనూ నవ్వాను, నువ్వు చూశావు, అది తప్పు’ అని జరిగినదాన్ని జరిగినట్టుగా చెప్పు. ఆ రోజు నవ్వకపోతే వాళ్లు నిన్ను కూడా నవ్వులపాలు చేస్తారని భయపడి ఉంటే అది కూడా చెప్పు, కానీ దాన్ని సాకుగా పెట్టకు. రైలీ కూడా స్నేహితురాళ్లకు క్షమాపణ చెప్పేటప్పుడు, వాళ్లు వేరే బడికి వెళ్తున్నారని తెలిసి తాను ఎంత బెదిరిపోయిందో ఒప్పుకుంటుంది.

ఇంకొక కష్టమైన మాట ఉంది. కొత్తవాళ్లు వదిలేశారు కాబట్టే నువ్వు తిరిగి వచ్చావని తనకు అనిపించవచ్చు, అలా అనుకోవడంలో న్యాయం కూడా ఉంది. తను అడగకముందే నువ్వే చెప్పు: వాళ్లు నన్ను పక్కన పెట్టిన తర్వాతే నీకు ఎలా అనిపించి ఉంటుందో నాకు అర్థమైందని. చెప్పడానికి బాధగా ఉంటుంది, అయినా నిజం అదే కనుక తను నమ్మడానికి అవకాశం ఉంది. సినిమాలో స్నేహితురాళ్లు వెంటనే దగ్గరకు తీసుకున్నారు. నిజ జీవితంలో అంత వేగంగా జరగకపోవచ్చు. తను ఏమీ అనకుండా సైకిలెక్కి వెళ్లిపోతే వెంటపడకు. మరునాడు మామూలుగా పలకరించు. నెల పట్టినా పట్టనివ్వు.

ప్రశ్న: కార్టూన్ సినిమా మీద ఇంత చర్చ దేనికో నాకు అర్థం కావడం లేదు. మా అబ్బాయి పది పూర్తి చేసి ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చేరబోతున్నాడు. స్నేహాలు చదువుకు అడ్డమని, రెండేళ్లు ఎవరితోనూ కలవకుండా చదువుకోమని చెప్పి పంపుతున్నాను. తప్పా?
– ఒక తండ్రి, గుంతకల్లు

జవాబు: అయ్యా, మీ ఆత్రుత కొడుకు భవిష్యత్తు గురించే అని నాకు తెలుసు. అయినా మీరు ఇస్తున్న ఆ సలహా అతనికి మేలు చేయదు, పైగా చదువుకే చేటు తేవచ్చు.

అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 169 మందిని 15 ఏళ్ల వయసు నుంచి 25 ఏళ్ల వరకు గమనించి, 2017లో ఫలితాలు వెల్లడించారు. పదిహేనేళ్లప్పుడు గట్టి, దగ్గరి స్నేహం ఉన్నవాళ్లలో 25 ఏళ్లు వచ్చేసరికి దిగులు, నలుగురిలో కలవడానికి బెరుకు తక్కువగా కనిపించాయి, తమ మీద తమకు గౌరవం ఎక్కువగా కనిపించింది. అదే వయసులో తోటివాళ్లలో ఎక్కువ పేరున్నవాళ్లలో మాత్రం తర్వాతి కాలంలో ఆ బెరుకు ఎక్కువగా కనిపించింది. అదే విశ్వవిద్యాలయం వారు 184 మందిని 13 నుంచి 23 ఏళ్ల వరకు గమనించి 2014లో ప్రచురించిన మరో అధ్యయనం ప్రకారం, చిన్న వయసులోనే పెద్దవాళ్ల పోకడలు పోయి గొప్ప అనిపించుకున్న పిల్లలకు తొలుత దొరికిన పేరు కొన్నేళ్లకే కరిగిపోయింది, తర్వాత ఇబ్బందులు ఎక్కువయ్యాయి. అవి అక్కడి పిల్లల మీద చేసిన అధ్యయనాలు, మన పిల్లలకు అంకెతో సహా వర్తిస్తాయని నేను అనను. అయినా పేరుకూ స్నేహానికీ ఫలితాలు వేరువేరుగా ఉంటాయన్న సంగతి మన హాస్టళ్లను చూసినవారెవరికైనా అనుభవంలోకి వచ్చేదే.

పదిహేనేళ్లంటే మన లెక్కలో పదో తరగతి. సరిగ్గా ఆ వయసులోనే గుంతకల్లు, ఆదోని, కదిరి పిల్లలు ఇల్లు వదిలి కర్నూలుకో, అనంతపురానికో, విజయవాడకో వెళ్తారు. తెల్లవారకముందే స్టడీ అవర్, వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకుల జాబితా. ఆ గదిలో మీ అబ్బాయి రెండు పూటలు తినకపోతే ‘ఏమైంది రా’ అని అడిగేవాడు ఒక్కడు ఉండాలి. అర్థంకాని లెక్కను రాత్రి పూట చెప్పించుకోవడానికీ వాడే కావాలి. స్నేహం చదువుకు అడ్డమవుతుందన్న మీ భయం అర్థరాత్రి దాకా ఫోను పట్టుకుని కూర్చునే గుంపుల విషయంలో సరైనదే. ఒక్క మంచి స్నేహితుడికీ అలాంటి గుంపుకీ మధ్య తేడా చూడమని మాత్రం మనవి. ఆదివారం ఫోనులో ర్యాంకు అడిగే ముందు, పక్క మంచం అబ్బాయి పేరేమిటో, వాళ్లది ఏ ఊరో అడగండి.

ప్రశ్న: మేడమ్, నేను కర్నూలు సమీపంలో ఒక హైస్కూల్లో ఉపాధ్యాయుడిని. ఈ సినిమాను ఎనిమిది, తొమ్మిది తరగతులకు చూపించాలనుకుంటున్నాను. ఎలా చూపిస్తే ప్రయోజనం ఉంటుంది?
– ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: నిడివి 96 నిమిషాలు కనుక రెండు రోజులుగా విభజించి చూపించండి. పైన చెప్పిన సంగీత బృందం సన్నివేశం అయ్యాక ఒకసారి ఆపి, బ్రీ స్థానంలో మీరుంటే ఆ రాత్రి ఏం ఆలోచించేవారో రాయమనండి. తప్పనిసరిగా చర్చించవలసిన మరో ఘట్టం ఉంది. రైలీ మనసులో ఒక పెద్ద హాలు నిండా పనివాళ్లు బల్లల ముందు కూర్చుని, ఆందోళన ఆజ్ఞ ప్రకారం, రేపు జరగబోయే చెడునంతా బొమ్మలుగా గీస్తుంటారు. ఆనందం వచ్చి మంచి జరిగే బొమ్మలు గీయమంటుంది. మీ పిల్లలతో ఒక కాగితానికి ఒకవైపు తాము భయపడే సంగతిని, రెండోవైపు అదే సంగతి సవ్యంగా జరిగిన బొమ్మను గీయించండి. ఆందోళనను దుష్టపాత్రగా చెప్పకండి. చివరలో కూడా దాన్ని వెళ్లగొట్టరు. ఒక కుర్చీలో కూర్చోబెట్టి, రాబోయే పరీక్షకు చదవడం లాంటి చేతిలో ఉన్న పనులను మాత్రమే దానికి అప్పగిస్తారు.

ఒక హెచ్చరిక. ఎవరికి ఎవరు ఇష్టమో పిల్లలను అడిగి తరగతి సంబంధాలను పటంగా గీసే పద్ధతిని 1930లలో మొరెనో అనే మనోవైద్యుడు వాడుకలోకి తెచ్చారు. మీరు అలాంటిది చేయదలిస్తే చీటీలు మీరొక్కరే చూడండి. ఎవరూ రాయని పేరు ఏదో మీకు తెలిస్తే, మరునాడు ఆ పిల్లవాడిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో తెలుస్తుంది. ఆ చీటీలు పిల్లల కంటపడితే మాత్రం ఆ పిల్లవాడు మళ్లీ బడి ముఖం చూడడు.

ప్రశ్న: సినిమాలో అందరూ అమ్మాయిలే. అబ్బాయిలకు ఇలాంటివి ఉండవని మా అన్న అంటాడు. నేను క్రికెట్ సరిగా ఆడనని మా క్లాసువాళ్లు నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. మళ్లీ చేర్చమని అడగాలా?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, కడప

జవాబు: అబ్బాయిలకూ ఉంటాయి నాయనా, నోరు విప్పి చెప్పేవాళ్లు తక్కువ, అంతే. నువ్వు రాశావు, చాలా మంచి పని చేశావు.

గ్రూపులో అందరినీ కలిపి అడగవద్దు. ఇంతమందిలో నీతో ఒక్కడిగా ఉన్నప్పుడు బాగా మాట్లాడేవాడు ఎవడో ఆలోచించు. సాధారణంగా ఒకడైనా ఉంటాడు. గ్రూపులో నోరెత్తలేడు కానీ విడిగా మంచివాడే. వాడిని ఒక్కసారి అడుగు. వాడు చేర్పిస్తే సరే. చేర్పించలేకపోయినా వాడితో నీ మాటలు ఆపకు. నీకు గ్రూపుకన్నా ముందు కావలసింది ఆ ఒక్కడే. స్కోరు రాయడం, అంపైరింగ్ చేయడం ఇష్టమైతే మైదానంలో నీకూ చోటుంటుంది. ఇష్టం లేకపోతే వాళ్ల కోసం నటించవద్దు, నీకు నచ్చే ఆటో బొమ్మలో పుస్తకమో పట్టుకుని ఉండేవాళ్లు పక్క సెక్షన్‌లో ఉన్నారేమో చూడు. తీసేయడంతో ఆగకుండా కొట్టడం, బెదిరించడం, నీ ఫోటోలు మార్చి పంపడం చేస్తే మాత్రం ఆ రోజే ఇంట్లో, బడిలో క్లాస్ టీచరుకు చెప్పు. వాళ్లు పట్టించుకోకపోతే పిల్లల సహాయ నంబరు 1098 ఉంది. మీ అన్నకు కూడా ఈ జవాబు చదివి వినిపించు.